క్రైస్తవులు రోజువారీ జీవితంలో పక్షపాతాన్ని ఎలా మానుకోవాలి?

బైబిల్లోని యాకోబు పత్రిక 2వ అధ్యాయం దీనిని కూర్చునే చోటుతోనే చూపిస్తుంది: బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవానికి మంచి స్థలం, మాసిన బట్టలతో వచ్చిన బీదవానికి పాదపీఠం దగ్గర నేల. తెలుగు బైబిలు అక్కడ పక్షపాతాన్ని ‘మోమాటము’ అన్నది. గ్రీకు మూలపదానికి ముఖం చూసి ఆదరించడమని అర్థం. మన సంఘాల్లో కారు దిగినవారికి ముందు వరుసలో కుర్చీ వేసి, కూలిపని చేసుకునే వృద్ధురాలిని వెనుక చాప మీదికి పంపడం ఇదే; ఆరాధనలో సహోదరులై, పెండ్లి సంబంధం దగ్గర కులం అడగడం, నా దృష్టిలో, అంతకంటే లోతైన పక్షపాతం. అయితే లేవీయకాండము 19:15 తీర్పులో బీదవాని పక్షమూ వహించవద్దంటుంది. కనుక ఎవరికైనా పని ఇప్పించేముందు, అదే అర్హతతో పరిచయం లేని మనిషి వస్తే ఏమి చేసేవారమో ఆలోచించి, జవాబు వేరైతే నిర్ణయాన్ని సరిదిద్దుకోవాలి.