పాత నీటి పైపులు ఎప్పుడు మార్చాలో తేల్చడానికి నీటి సంస్థలు, యూనివర్సిటీలు, విదేశీ పరిశోధన సంస్థలు ఇన్ని కలిసి పరిశోధించాలా?

కలవాల్సిందే. వయసు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. మట్టి తీరు, లోపలి నీటి ఒత్తిడి, పైన తిరిగే లారీల బరువు, అన్నీ కలిసి పోత ఇనుప పైపును బలహీనం చేస్తాయి. మన హైదరాబాద్‌నే తీసుకోండి. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ మొదలు మంజీరా, కృష్ణా, గోదావరి దాకా నీళ్లు దఫాలుగా వచ్చాయి, పైపులూ అలాగే పడ్డాయి. అన్నిటికీ ఒకే గడువు పెడితే గట్టి పైపును తవ్విపోస్తాం, పాడైనదాన్ని వదిలేస్తాం.

అసలు చిక్కేంటంటే, పెద్ద పైపు పగలడం అరుదు. ఒక్క ఊరి రికార్డులతో అంచనా కుదరదు. అందుకే 2011లో ఆస్ట్రేలియాలోని సిడ్నీకి నీళ్లిచ్చే సంస్థ సిడ్నీ వాటర్ ముందుండి, అక్కడి మోనాష్ వంటి యూనివర్సిటీలు, బ్రిటన్, అమెరికా నీటి పరిశోధన సంస్థలతో కలిసి ఐదేళ్ల ప్రాజెక్టు నడిపింది. పెద్ద పోత ఇనుప పైపులు చాలాసార్లు పగలడానికి ముందు కొంతకాలం లీకవుతాయని అందులో తేలింది. అంటే లీకు శబ్దాన్ని పసిగట్టే సెన్సర్లు పెడితే ముందే పట్టుకోవచ్చు. మా వీధిలో రోడ్డు మీద చెమ్మ కనిపిస్తే ఎవరో కారు కడిగారనుకునేవాళ్లం!

ఇక్కడ మొదలుపెట్టాలంటే ముందు కావాల్సింది సెన్సర్లు కాదు. ఏ పైపు ఎక్కడుంది, ఎప్పుడు వేశారు, ఎన్నిసార్లు అతికారు అన్న రిజిస్టరు.