బోర్డు కంటే ముందు గాలి సంగతి

చి. అమ్మలూకి మామయ్య ఆశీస్సులు.

విండ్‌సర్ఫింగ్, అంటే తెరచాప కట్టిన బోర్డు మీద నిలబడి గాలితో నీళ్లమీద సాగడం, నేర్చుకుంటానని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు సంతోషమూ ఉంది, కాస్త టెన్షనూ ఉంది. ఏ బోర్డు కొనాలని అడిగావు. అది తర్వాత చూద్దాం. ఏ నీళ్లలో, ఏ గాలికి దిగాలో తెలిస్తే అద్దె బోర్డుతోనైనా నేర్చుకోవచ్చు.

మొదట్లో బెజవాడ దగ్గర కృష్ణా నదే నయం. ప్రకాశం బ్యారేజీ గేట్లు మూసి ఉంటే పైన నీళ్లు చెరువులా నిలుస్తాయి. ఇంద్రకీలాద్రి, సీతానగరం కొండల పక్కన మాత్రం గాలి తెగి తెగి వస్తుంది. సెయిల్‌ని, అంటే తెరచాపని, ఒక్కసారి గుంజుతుంది, అంతలోనే వదిలేస్తుంది. భవానీ ద్వీపం వైపు, నది వెడల్పుగా ఉన్నచోట నిలకడగా ఉంటుంది. ఘాట్ దగ్గర అడిగి, అనుమతి ఉంటేనే దిగు. వరద రోజుల్లో నది జోలికి పోవద్దు. గేట్లు ఎత్తితే నీళ్లన్నీ బ్యారేజీ వైపే లాగుతాయి. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పెద్ద పెద్ద పడవలే కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి కదా.

సముద్రానికైతే సూర్యలంక. బాపట్లలో రైలు దిగితే ఆటోలో దగ్గరే. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో నల్లమట్టి, లోతు తక్కువ. సెయిల్ లేకుండా కెరటం మీద జారే సర్ఫింగ్‌కి మన తీరంలో మరీ ఆశ పెట్టుకోకు. డెల్టా కాబట్టి సముద్రం చాలా దూరం మెరకగా ఉంటుంది, కెరటం దూరంగానే విరిగి ఒడ్డుకొచ్చేసరికి నీరసపడుతుంది. బోర్డు మీద లేచి నిలబడటం నేర్చుకోవడానికి చాలు. మంచి కెరటం కావాలంటే విశాఖ వెళ్లాల్సిందే.

ఇక అసలు సంగతి. మేలో బెజవాడని మాడ్చే వడగాలి పడమటి నుంచి వస్తుంది. అదే గాలి సూర్యలంకలో ఒడ్డు మీంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లు నున్నగా, అద్దంలా కనిపిస్తాయి. ఇంత మంచి రోజు దొరకదనిపిస్తుంది. నీ వయసులో నేనూ అలాగే అనుకుని పొద్దున్నే దిగాను. పోవడం హాయిగా పోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డున సరుగుడు చెట్లు సన్నటి గీతలా ఉన్నాయి. అరగంట పెనుగులాడినా ఆ గీత లావెక్కలేదు. సెయిల్ నీళ్లలో పడేసి, బోర్డు మీద బోర్లా పడుకుని చెయ్యి ఊపుతూ ఉండిపోయాను. నాటు పడవలో వస్తున్న జాలర్లు చూసి లాక్కొచ్చారు. బోర్డు వదిలి ఈదాలని ఒక్క క్షణం అనిపించింది. వదిలి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. నువ్వూ ఎప్పుడూ బోర్డు వదలకు. లైఫ్ జాకెట్ లేకుండా మోకాలి లోతు కూడా దిగకు.

కాబట్టి ఒడ్డున నిలబడి గుప్పెడు పొడి ఇసుక తీసి జారవిడు. సముద్రం వైపు ఎగిరితే బోర్డు దించనే వద్దు. ఎండాకాలంలో మధ్యాహ్నానికి గాలి తిరుగుతుంది, సముద్రం మీంచి ఏటవాలుగా ఒడ్డుకు వీస్తుంది. అది నీ గాలి. తప్పటడుగు వేసినా నిన్ను ఒడ్డుకే చేరుస్తుంది. వడగాలి బాగా బలంగా ఉన్న రోజు ఈ తిరుగుడు ఆలస్యమవుతుంది. ఓపిక పట్టు, లేదా ఇంటికి వచ్చెయ్. గంటకు 12 నుంచి 20 కిలోమీటర్ల గాలి నీకు చాలు. అక్కడక్కడా తెల్లనురగ లేస్తే సరే, సముద్రమంతా తెల్లబడితే ఆ రోజు కాదు.

బయల్దేరే ముందు రాత్రి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల అలల సూచన చూడు. ఇక్కడ గాలే లేకపోయినా ఎక్కడో దూరాన పుట్టిన పెద్ద కెరటాలు ఒడ్డుకు రావచ్చు, ఆ హెచ్చరిక వాళ్లే ఇస్తారు. అమావాస్య, పౌర్ణములకు ఆటుపోట్లు ఎక్కువ. కార్తీక పౌర్ణమికైతే స్నానాల జనంతో బోర్డు పెట్టే చోటే ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం, వదిలెయ్.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. జాలర్లు ఒడ్డునే వలలు బాగు చేసుకుంటూ ఉంటారు. వెళ్లి పక్కన కూర్చో, ఎక్కడ గుంట ఉంది, నీళ్లు ఎక్కడ లోపలికి లాగుతున్నాయి అని అడుగు. ఇసుకతిప్పలు ఏడాదికేడాది మారుతుంటాయి, నాకు తెలిసిన గుంట ఇప్పుడు అక్కడ ఉండకపోవచ్చు.

వచ్చే శనివారం నేను ఖాళీ. పొద్దున్న రైలుకి బాపట్ల వెళ్దాం. బోర్డు తేవద్దు, మొదటిరోజు గాలిని చూసి వచ్చేద్దాం.

మీ మామయ్య