మెరిసింది ఆకాశమా, మీ ఉపగ్రహమా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. రాత్రి వైపు తీసిన అతినీలలోహిత వర్ణపటంలో నత్రజని పట్టీలు (నత్రజని అణువులు ఇచ్చే కాంతి) కనిపించాయని ఎంతో సంబరంగా రాశావు. పేపర్ మొదలుపెట్టే ముందు ఒక్క వారం ఆగమ్మా. ఆ కాంతి పై వాతావరణానిది కాక, మీ ఉపగ్రహం చుట్టూ పుట్టిందే కావచ్చు.

దిగువ కక్ష్యలో ఉపగ్రహం సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్లు పోతుంది. అక్కడ గాలి ఎంత పలచనైనా, ఆ వేగానికి ఆక్సిజన్ పరమాణువు దాదాపు 5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో, నత్రజని అణువు సుమారు 9 ఎలక్ట్రాన్ వోల్టులతో వచ్చి ముందు ముఖానికి తగులుతాయి. వెలుగు పుట్టడానికి ఆ శక్తి చాలు. 1982లో అమెరికా స్పేస్ షటిల్ ఎస్‌టీఎస్-3 యాత్రలో తీసిన ఫొటోల్లో షటిల్ తోక దగ్గర ఎర్రటి వెలుగు కనిపించింది. ఉపరితలం మీద తయారయ్యే నైట్రోజన్ డయాక్సైడే దానికి కారణమన్నది ఎక్కువమంది ఒప్పుకున్న వివరణ. నువ్వు చూసిన నత్రజని పట్టీలు, అంటే లైమన్-బర్జ్-హాప్‌ఫీల్డ్ పట్టీలు కూడా కొత్త కాదు. 1978లో ఎగిరిన ఎస్3-4 ఉపగ్రహం డేటాలో ఇవే బయటపడి, చివరికి వాహనపు వెలుగేనని తేలాయి.

అందుకే ముందు ఇది చూడు. ఈ పట్టీలు సహజంగా రావాలంటే నత్రజనిని ఎలక్ట్రాన్లు గుద్దాలి. పగలు ఆ పని సూర్యకాంతి విడిపించిన ఎలక్ట్రాన్లు చేస్తాయి, ధ్రువాల దగ్గర అరోరా (ధ్రువకాంతి) ఎలక్ట్రాన్లు చేస్తాయి. అర్ధరాత్రి, భూమధ్యరేఖ దగ్గర ఈ రెండూ ఉండవు. అక్కడ కూడా పట్టీలు కనిపిస్తే అనుమానం మీ వాహనం మీదికే పోవాలి. ఆకాశంలో సహజంగా ఉండే 135.6 నానోమీటర్ల ఆక్సిజన్ గీతను మాత్రం దీనితో కలపకు. రాత్రి అయానోస్ఫియర్‌లో (విద్యుదావేశ కణాలుండే పై వాతావరణ పొరలో) అది మామూలే.

తర్వాత పరికరం చూపు, ప్రయాణ దిశ, ఈ రెండింటి మధ్య కోణం తీసుకుని ప్రకాశం గ్రాఫ్ గియ్యి. నా నమ్మకం అన్నిటికన్నా ఈ గ్రాఫ్ మీదే. ఎదురుగాలి వైపు చూసినప్పుడు పెరిగి, వెనక్కి తిరిగితే పడిపోతే ఇక వాదన అక్కర్లేదు. కక్ష్య ఎత్తుతో ఎలా మారిందో కూడా చూడు. ఎస్3-4లో ఆ వెలుగు గాలి సాంద్రత కన్నా చాలా వేగంగా తగ్గింది. థ్రస్టర్లు (ఉపగ్రహాన్ని కదిపే చిన్న ఇంజిన్లు) మండిన సమయాల డేటా విడిగా తీసి పెట్టు, షటిల్ మీద అప్పుడు వెలుగు పెరిగేది.

నా మొదటి డేటాలో ఈ కోణం చూడకుండా నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. నీకు ఆ టెన్షన్ వద్దు. గ్రాఫ్ గియ్యగానే పంపించు, ఇద్దరం కలిసి చూద్దాం.