ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) విమానానికి చవక రిసీవర్ (విమానంలో ఉండి సిగ్నల్ అందుకునే పరికరం) సరిపోతుందా?

దగ్గర్లో ఎగరేసే చిన్న ఫోమ్ విమానానికి సరిపోతుంది. పెద్ద, బరువైన మోడల్‌కు మాత్రం మీ ట్రాన్స్‌మిటర్ (చేతిలోని కంట్రోలర్) కంపెనీవాళ్ల ఫుల్ రేంజ్ రిసీవరే, అంటే ఎక్కువ దూరం సిగ్నల్ అందుకునేదే కొనండి. ముఖ్యమైన తేడా యాంటెన్నాల్లో ఉంటుంది: మంచి రిసీవర్లకు తరచూ రెండుంటాయి. విమానం తిరిగేటప్పుడు బ్యాటరీయో, కార్బన్ ఫైబరో ఒక యాంటెన్నాకు అడ్డొస్తే, వేరే దిశలో అమర్చిన రెండోది సిగ్నల్ అందుకుంటుంది. బాగా చవక రకాల్లో చాలావాటికి ఒకటే యాంటెన్నా.

రేడియో ఫ్రీక్వెన్సీ 2.4 గిగాహెర్ట్జ్ అయితే ఏ రిసీవరైనా ఏ ట్రాన్స్‌మిటర్‌తోనైనా కలుస్తుందనుకోవడం పొరపాటు. ఉదాహరణకు, స్పెక్ట్రమ్ కంపెనీ డీఎస్‌ఎంఎక్స్ ట్రాన్స్‌మిటర్‌కు ఫ్లైస్కై కంపెనీ ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ రిసీవర్ బైండ్ కాదు, అంటే జత కలవదు. ఫ్రీక్వెన్సీ ఒకటే, ప్రోటోకాల్ (సిగ్నల్ పంపి, అందుకునే పద్ధతి) వేరు. కాబట్టి ధరకన్నా ముందు ప్రోటోకాల్ చూడండి.

ఏది కొన్నా, సిగ్నల్ పోతే మోటార్ ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, నేలమీదే రేంజ్ చెక్ చేశాక ఎగరేయండి. కింద మనుషులుంటారు.