షాపులో కంప్యూటర్లన్నీ లినక్స్‌కి మార్చేస్తానంటున్నాడు, ఆపమంటారా?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఏళ్ళుగా డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఐదు కంప్యూటర్లున్నాయి. మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. ఆరు నెలలుగా లినక్స్, లినక్స్ అని ఒకటే గోల. విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమట అది. ఇంట్లో వాళ్ళమ్మ వాడే పాత ల్యాప్‌టాప్‌లో అదే వేశాడు. ఇప్పుడు షాపులో ఐదింటికీ వేస్తానంటున్నాడు. విండోస్ 10కి కంపెనీ సపోర్టు ఆపేసింది కాబట్టి నాలుగేళ్ళలో జనమంతా ఇటే వస్తారట, తన కెరీర్ కూడా ఇందులోనేనట. పక్కింటి అబ్బాయి అమీర్‌పేటలో జావా ఫుల్ స్టాక్‌లో చేరాడు. మావాడు ఎవరూ వాడని దాని వెంట పడ్డాడేమోనని టెన్షన్‌గా ఉంది. మామూలు జనం నిజంగా లినక్స్ వాడతారా? వీణ్ణి ఆపాలా?

జవాబు: మీరు ఒకే ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగారండీ. జనం లినక్స్ వాడతారా అన్నది ఒకటి. మీ అబ్బాయికి దానివల్ల ఉద్యోగం వస్తుందా అన్నది ఇంకొకటి. మీరూ, మీ అబ్బాయీ ఈ రెండింటినీ ఒకే ముడి వేసేశారు. జనం వాడితేనే తనకు భవిష్యత్తు ఉంటుందని అతను అనుకుంటున్నాడు, జనం వాడరు కాబట్టి ఉండదని మీరు అనుకుంటున్నారు. ఆ ముడి విప్పితే మీ గొడవలో సగం పోతుంది.

ముందు షాపు సంగతి చూద్దాం, ఎందుకంటే డబ్బులు వచ్చేది అక్కణ్ణుంచే.

మీ అబ్బాయి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే కంప్యూటర్లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ గానీ ఆ పైది గానీ ఉండాలి. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న నాలుగో తరం ఐ3 మిషన్లయితే (మన జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా ఉండేవి అవే) కంపెనీ లెక్క ప్రకారం వాటికి ఆ అర్హత లేదు. పనిచేస్తున్న మిషన్‌ని పారేయడం ఎందుకు, లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) వేసి ఓ ఎస్ఎస్‌డీ పెడితే ఇంకో ఐదేళ్ళు లాగుతుంది కదా అన్న అతని వాదనలో న్యాయం ఉంది.

కానీ మీ షాపులో ఆ మిషన్ల మీద జరిగే పని ఏమిటి? పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ మ్యాటరు. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో, ఆపిల్ కీబోర్డులో చూడకుండా టైపు చేసే ఆపరేటర్ మీ దగ్గర ఉండే ఉంటారు. ఆ పేజ్‌మేకర్ లినక్స్ మీద నేరుగా నడవదు. స్క్రైబస్ అని ఉచితంగా దొరికే పేజీ సాఫ్ట్‌వేర్ ఉంది, బాగానే ఉంటుంది. అయితే ఇరవై ఏళ్ళ మీ పాత ఫైళ్ళు యూనికోడ్‌లో (ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) లేవు. ఆ మ్యాటర్ని ఇంకో చోట తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి గానీ, మార్చాక వత్తులు సరిగ్గా పడ్డాయో లేదో ఒక మనిషి కూర్చుని చదవాల్సిందే. పైగా ఛత్తా బజార్‌లో ప్రెస్ ఆయన ‘ఓపెన్ ఫైల్ పంపించన్నా, చిన్న కరెక్షన్ ఉంది’ అంటే మీరేం పంపిస్తారు? ముహూర్తం తేదీ తప్పు పడిన శుభలేఖ పట్టుకుని వచ్చిన పెళ్ళివారికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గొప్పదనం చెబితే వింటారా?

జనం లినక్స్‌కి రాకపోవడానికి మొదటి కారణం ఇదే. వాళ్ళకు కావలసింది తమ పని, తమ ఫైలు, తమ ప్రింటరు. కింద ఏ వ్యవస్థ నడుస్తోందో వాళ్ళకు పట్టదు. చిన్న వ్యాపారికి లెక్కలు రాసుకునే ట్యాలీ కావాలి, అది విండోస్ కోసం చేసినది. లినక్స్‌లో ఏదో తంటాలు పడి నడిపించవచ్చు, కానీ జీఎస్టీ రిటర్న్ చివరి రోజున ఎవరు తంటాలు పడతారు?

నా సంగతే చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఉత్సాహం కొద్దీ నా ఆఫీసు కంప్యూటర్లో లినక్స్ వేసుకున్నాను. రెండు నెలలు హాయిగా నడిచింది. ఒకరోజు సాయంత్రం ఒక అమ్మాయి అర్జెంటుగా అప్లికేషన్ ప్రింట్ కావాలని వచ్చింది. నా దగ్గరున్న పాత లేజర్ ప్రింటర్ డ్రైవర్ మొరాయించింది, కాగితం తెల్లగా వచ్చింది. అరగంట కుస్తీ పట్టి, ఆఖరికి ఎదురుగా ఉన్న మీలాంటి జిరాక్స్ షాపుకే పరిగెత్తాను. ఆ రాత్రే లినక్స్ పక్కన విండోస్ కూడా మళ్ళీ వేసుకున్నాను. ఇప్పుడు రెండూ ఉన్నాయి, సిగ్గుపడటం లేదు.

రెండో కారణం మన దగ్గర ఇంకా గట్టిది. లినక్స్ ఉచితం అంటారు. మన బజారులో విండోస్‌కి కూడా డబ్బు పెట్టి కొన్నానన్న స్పృహ ఎందరికుంది? ల్యాప్‌టాప్‌తో వచ్చేస్తుంది, లేదా కొద్ది డబ్బుకు ఎవరో ఒకరు ‘వేసి’ ఇచ్చేస్తారు. ధర తక్కువని ఉబుంటు (ఇదీ ఒక రకం లినక్సే) ఉన్న ల్యాప్‌టాప్ కొని, ఇంటికి వెళ్ళేలోపే అది తీయించి విండోస్ వేయించుకున్నవాళ్ళను నేనే ఎంతోమందిని చూశాను. దొంగ కాపీ చేతిలో ఉన్నంతకాలం ‘ఉచితం’ అన్న మాటకు విలువ లేదు. ఇదేమీ మంచి పని కాదు, కానీ ఉన్న మాట ఇది.

ఎప్పుడో 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన పని ఇది. ‘ఈ ఏడాది లినక్స్ డెస్క్‌టాప్ ఏడాది’ అని నేను చదువుకునే రోజుల నుంచీ వింటూనే ఉన్నాను. 2007లో ఆసుస్ కంపెనీ ఈఈఈ పీసీ అనే చిట్టి ల్యాప్‌టాప్‌ని లినక్స్‌తో తెచ్చినప్పుడు నిజంగానే అనిపించింది, ఇక వచ్చేసిందని. ఏడాది తిరిగేసరికి అదే చిట్టి పెట్టెలో విండోస్ ఎక్స్‌పీ కూర్చుంది. ఇన్నేళ్ళకు ప్రపంచమంతా కలిపితే డెస్క్‌టాప్‌లలో లినక్స్ వాటా నూటికి నాలుగు దాకా వచ్చింది. పెరుగుతోంది, కాదనను. ఆటలు ఆడే కుర్రాళ్ళకు 2022లో వచ్చిన స్టీమ్ డెక్ (లినక్స్‌తో నడిచే, చేతిలో పట్టుకుని ఆడే ఆటల పెట్టె) మంచి ఊపు ఇచ్చింది. నాలుగేళ్ళలో జనమంతా వచ్చేస్తారన్నది మాత్రం రెండో సంవత్సరం కుర్రాడి ఉత్సాహం, అంతే.

ఒక పెద్ద సంస్థ పూనుకుంటే మాత్రం కథ మారుతుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. అక్కడ ముందు టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పాఠాలు దానికి తగ్గట్టు రాశారు, పిల్లలకు మలయాళంలో పెట్టారు. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో నిర్ణయించుకుని సుమారు 15,000 కంప్యూటర్లను లినక్స్‌కి మార్చింది, 2017లో మళ్ళీ విండోస్‌కి వెళ్ళిపోదామని తీర్మానించింది. మన హైదరాబాద్‌లోనే ‘స్వేచ్ఛ’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ళు తెలుగులో కనిపించే లినక్స్ తయారు చేశారు. మీ అబ్బాయికి వాళ్ళ గురించి తెలియకపోతే చెప్పండి. ఒక్కడే గదిలో కూర్చుని థీములు మార్చుకునే బదులు, తనలాంటి వాళ్ళు పదిమంది ఉన్నచోటికి వెళ్ళి పనిచేయడం మంచిది.

ఇక అసలు ప్రశ్న, అతని కెరీర్. ఇక్కడ నేను మీ అబ్బాయి పక్షమేనండీ.

‘ఎవరూ వాడని దాని వెంట’ అన్నారు మీరు. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం). ప్రపంచంలోని అతి వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి ప్రతి ఒక్కటీ లినక్సే. గచ్చిబౌలిలో మైక్రోసాఫ్ట్ క్యాంపస్ చూసే ఉంటారు. విండోస్ చేసే ఆ కంపెనీ క్లౌడ్‌లో (ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే సర్వర్లలో) కూడా సగానికి పైగా నడిచేది లినక్స్ మీదే. 2022 నవంబర్‌లో అమెజాన్ తన క్లౌడ్‌కి మన హైదరాబాద్‌లో రీజియన్ (డేటా సెంటర్ల కేంద్రం) మొదలుపెట్టింది, నగరం చుట్టుపక్కల పెద్ద పెద్ద డేటా సెంటర్లు లేచాయి. క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీల్లో డ్రైవర్లు రాసేవాళ్ళకు లినక్స్ రాకపోతే పని జరగదు. డెస్క్‌టాప్ మీద ఓడిపోయినది మిగతా చోట్లన్నీ ఎప్పుడో గెలిచేసింది, జీతాలిచ్చేది ఆ మిగతా చోట్లే. పక్కింటి అబ్బాయి జావాలో రాసే ప్రోగ్రాం కూడా చివరికి ఎక్కువగా ఓ లినక్స్ సర్వర్ మీదే కూర్చుంటుంది. కాబట్టి ఇద్దర్నీ పోటీ పెట్టకండి.

అయితే లినక్స్ వాడటం వేరు, లినక్స్ రావడం వేరు. ఈ తేడా మీరు పట్టుకోవాలి. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో చాలామందికి ఒక జబ్బు ఉంటుంది. సోమవారం ఉబుంటు, బుధవారం ఫెడోరా, ఆదివారం ఆర్చ్, ఇవన్నీ లినక్స్‌లో రకాలే. వాల్‌పేపరూ, ఐకాన్లూ మార్చి స్క్రీన్‌షాట్ తీసి స్నేహితులకు పంపిస్తారు. ఇంటర్వ్యూలో ‘సర్వర్లో డిస్క్ నిండిపోయింది, ఏ ఫైలు వల్లో ఎలా కనుక్కుంటావు’ అంటే నీళ్ళు నములుతారు. మీ అబ్బాయి ఏ రకమో తేల్చడానికి మీకు కంప్యూటర్ సైన్స్ రానక్కర్లేదు. షాపులో ఒక పని అప్పజెప్పండి.

మీకు రోజూ ఉండే బాధే తీసుకుందాం. ఫలానా ఫారానికి ఫోటో 50 కేబీ లోపు ఉండాలి, సంతకం ఇంకా చిన్నదిగా ఉండాలి అంటారు కదా. ఒక్కో పిల్లాడికి పది నిమిషాలు పోతుంది. స్కాన్ చేసిన ఫోటో ఒక ఫోల్డర్‌లో వేయగానే దానంతట అదే సరైన సైజుకు మారి పక్క ఫోల్డర్‌లో పడేలా స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) రాయమనండి. అది అయ్యాక ఇంకోటి, ఇది మరీ ముఖ్యం. ప్రింటు కోసం జనం పంపిన ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు, బ్యాంకు పాస్‌బుక్కులు మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఎన్ని పేరుకుపోయి ఉన్నాయో ఎప్పుడైనా చూశారా? రోజూ రాత్రి షాపు మూసే వేళకు అవన్నీ వాటంతట అవే చెరిగిపోయే ఏర్పాటు చేయమనండి. మూడోది, ఒకే ప్రింటర్‌కి ఐదు మిషన్ల నుంచీ ప్రింటు వచ్చేలా నెట్‌వర్క్ పెట్టమనండి. ఈ మూడూ చేస్తే రెజ్యూమెలో రాసుకోవడానికి నిజమైన పని ఉన్నట్టే. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ‘ఆన్‌లైన్ ఫుడ్ డెలివరీ ప్రాజెక్టు’ చూసి చూసి విసిగిపోయి ఉంటారు. జిరాక్స్ షాపు కథ చెబితే కుర్చీలో ముందుకు జరిగి వింటారు.

మరి మిషన్ల పంపకం ఎలాగంటే, డీటీపీ చేసే రెండింటినీ ముట్టుకోనివ్వకండి. అవి ఇంకా విండోస్ 10 మీదే ఉంటే ఇంటర్నెట్ కనెక్షన్ తీసేసి వాటిని టైపింగుకే ఉంచండి. ఫారాలు నింపే మిషన్లలో ఒక్కటి అతనికివ్వండి. ఈఏపీసెట్ అప్లికేషనైనా, హాల్ టికెట్లైనా, రైలు టికెట్టైనా జరిగేది బ్రౌజర్‌లోనే కాబట్టి లినక్స్‌లో ఇబ్బంది ఉండదు. వేసే ముందు మూడు వస్తువులు దానికి తగిలించి చూడాలి: ప్రింటరు, స్కానరు, డిజిటల్ సంతకం డాంగిల్. లినక్స్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూస్తే హార్డ్ డిస్క్‌లో ఏదీ చెరగకుండానే చాలావరకు తెలిసిపోతుంది. ఈ సంగతి అతనికి తెలిసే ఉంటుంది, తెలియకపోతే మాత్రం ఐదు మిషన్ల మాట అప్పుడే ఎత్తకూడదు.

అన్నట్టు, ఇంట్లో వాళ్ళమ్మగారి ల్యాప్‌టాప్ గురించి రాశారు గానీ, ఆవిడేమంటున్నారో రాయలేదు. వంటల వీడియోలు, బంధువుల ఫోటోలు, అప్పుడప్పుడూ కరెంటు బిల్లు కట్టడం, ఇంతేనా ఆవిడ వాడకం? అయితే మార్చిన తేడా ఆవిడకు పెద్దగా తెలిసి ఉండదు. మీరు అడిగిన ‘మామూలు జనం’లో లినక్స్ ఇప్పటికే గెలుచుకున్నది ఇలాంటివాళ్ళనే. వాళ్ళకు బ్రౌజరే కంప్యూటరు.

కోర్సుల సంగతి. అమీర్‌పేటలో లినక్స్ అడ్మిన్, డెవాప్స్ అని బోర్డులు బోలెడు కనిపిస్తాయి. ఇప్పుడే డబ్బు కట్టకండి. మూడో సంవత్సరం చివర్లో రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీ పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష (లినక్స్ సిస్టమ్‌లను నిర్వహించడం వచ్చా అని చూసేది) రాయించవచ్చు. అందులో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు, మిషన్ ముందు కూర్చోబెట్టి పని చేయిస్తారు, మూడేళ్ళు చెల్లుతుంది. అంతకుముందు పైథాన్ కాస్త, నెట్‌వర్కింగ్ కాస్త రావాలి. డేటా స్ట్రక్చర్స్ ఎగ్గొట్టి లినక్స్ నేర్చుకుంటానంటే ఒప్పుకోకండి, క్యాంపస్ పరీక్షల్లో మొదటి వడపోత దానిమీదే ఉంటుంది.

ఇంకొక్క మాట. ఏం మార్చినా అడ్మిషన్ల సీజన్ అయ్యాకే మార్చమనండి. మే నుంచి జులై దాకా షాపు ముందు లైను ఉంటుంది, అప్పుడు ఒక్క మిషన్ ఆగినా ఆ రోజు సంపాదన పోతుంది. ఈలోపు ఆ ఫోటోల స్క్రిప్టు ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే రాసి పెట్టుకోవచ్చు.