ఒకే కాలనీ, రెండు పందిళ్లు

ప్రశ్న: మా కాలనీలో వినాయక చవితికి ఎప్పుడూ ఒకటే పందిరి వేసేవాళ్లం. మూడేళ్ల కిందట చందాల లెక్క దగ్గర మాటా మాటా పెరిగి ముందు వీధికో కమిటీ, వెనక వీధికో కమిటీ అయ్యాయి. ఎవరి విగ్రహం ఎత్తు, ఎవరి లడ్డూ ఎక్కువ పలికింది, ఎవరి డీజే గట్టిగా మోగింది, ఇదే గోల. పోయిన చవితికి నిమజ్జనం దారిలో ట్రాక్టర్లు ఎదురుపడి కర్రల దాకా వెళ్లింది. రెండు వీధులకూ ఒకటే బోరు, మోటారు కాలిపోతే ఎవరు డబ్బులివ్వాలన్నదీ తగువే. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి వెనక వీధిలో ఉండే తన ప్రాణ స్నేహితుడితో మాట్లాడటం మానేశాడు. అందరికీ ఒకసారి భోజనాలు పెడితే సర్దుకుంటారని మావారు అంటున్నారు. నిజమేనా? (ఒక తల్లి, తెనాలి)

జవాబు: అమ్మా, భోజనాలు మాత్రం ముందు పెట్టకండి. ఎందుకో చెప్తాను.

1954 వేసవిలో అమెరికాలోని ఓక్లహోమాలో, రాబర్స్ కేవ్ అనే చోట ముజాఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 22 మంది పిల్లలతో ఒక క్యాంపు పెట్టాడు. ఈయన పుట్టింది టర్కీలో, చిన్నప్పుడే గ్రీకులకీ టర్కులకీ మధ్య జరిగిన హింసను కళ్లారా చూసినవాడు. పిల్లలంతా పదకొండేళ్ల వాళ్లు, ఒకే మతం, ఒకే రంగు, ఒకే రకం ఇళ్లు, ఒకరికొకరు ముందు తెలియదు. అంటే కొట్టుకోవడానికి పాత పగ ఏదీ లేదు. వాళ్లని రెండు గుంపులు చేసి విడివిడిగా ఉంచారు. ఒక గుంపు ఈగల్స్ అని, ఇంకోటి రాట్లర్స్ అని పేర్లు పెట్టుకున్నాయి. వారం తర్వాత బేస్‌బాల్, తాడులాగుడు పోటీలు పెట్టి, గెలిచిన గుంపుకే పతకాలు, చాకులు అన్నారు. మొదటి రోజే తాడులాగుడులో ఓడిన ఈగల్స్ వెళ్లి రాట్లర్స్ జెండా తగలబెట్టారు. ఆ తర్వాత ఒకరి గదుల మీద ఒకరు పడి సామాన్లు చిందరవందర చేయడం, సాక్సుల్లో రాళ్లు నింపుకుని కాచుకుని ఉండటం!

మీ చందాల గొడవకి దగ్గరగా ఉన్న ముచ్చట ఇంకోటుంది. నేల మీద చల్లిన చిక్కుడు గింజలు ఏరే పోటీ పెట్టి, ఎవరు ఎన్ని ఏరారో తెర మీద ఒక్క క్షణం చూపించి లెక్క చెప్పమన్నారు. నిజానికి ప్రతిసారీ చూపించింది అవే 35 గింజలు. అయినా మనవాడు ఏరాడంటే ఎక్కువగా, అవతలి వాడు ఏరాడంటే తక్కువగా కనిపించాయి వాళ్లకి. ఆ పిల్లలు అబద్ధమాడలేదమ్మా, వాళ్లకి నిజంగానే అలా కనిపించింది. మీ రెండు కమిటీల వాళ్లూ లెక్కల మీద ఒట్టేసి మరీ వాదిస్తారు చూడండి, అక్కడ జరిగేదీ చాలావరకు ఇదేనని నా నమ్మకం.

ఇప్పుడు మీవారి మాటకొస్తాను. షెరీఫ్ కూడా ముందు అదే చేశాడు, రెండు గుంపుల్నీ ఒకే హాల్లో భోజనానికి కూర్చోబెట్టాడు, సినిమా చూపించాడు. ఏమైందంటే ఒకరి మీద ఒకరు తిండి విసురుకున్నారు. ఎదురెదురుగా కూర్చుంటే తిట్టుకోవడం ఇంకా సులువైంది, అంతే.

పరిస్థితి మారింది నీళ్ల దగ్గర. క్యాంపుకి నీళ్లు రావడం ఆగిపోయింది (ఆపింది నిర్వాహకులేలెండి), లోపం ఎక్కడుందో వెతకడానికి రెండు గుంపులూ కలిసి వెళ్లక తప్పలేదు. తర్వాత భోజనం తేవాల్సిన లారీ స్టార్ట్ కాకపోతే అందరూ కలిసి తాడు కట్టి లాగారు, అది పోటీలో ఒకరి మీద ఒకరు లాగిన తాడే. ఒక్క పనితో కోపం పోలేదు, మళ్లీ మళ్లీ ఇలాంటివి పడ్డాక నెమ్మదిగా తగ్గింది. చివరికి ఒకే బస్సులో ఇళ్లకి వెళ్తూ, రాట్లర్స్ దగ్గర మిగిలిన ఐదు డాలర్ల బహుమతి డబ్బుతో అందరికీ పాల డ్రింకులు కొన్నారు.

అందుకని మీరు బోరుతో మొదలుపెట్టండి. ఒక్క వీధి వల్ల అయ్యే పని కాదు, ఆగితే రెండు వీధులకీ బిందెలు ఖాళీయే. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు కలిసి డబ్బు వసూలు చేసి, కలిసే లెక్కపెట్టి, మోటారు షెడ్డు గోడ మీద రాసిపెట్టాలి. పందిరి సంగతి అప్పుడే ఎత్తొద్దు, ఈ ఏడు రెండు పందిళ్లే ఉండనివ్వండి. నిమజ్జనం టైములు మాత్రం వేరు చేయమని ముందే పోలీసులకి చెప్పండి, ఇది వాయిదా వేసే విషయం కాదు. ఇంకోటి, ఈ గొడవ ఉంటేనే పెద్దరికం నిలబడేవాళ్లు రెండు వైపులా ఒకరో ఇద్దరో ఉంటారు, బోరు పని వాళ్ల చేతికి వెళ్లనివ్వకండి.

మీ అబ్బాయి గురించే నాకు ఎక్కువ బెంగగా ఉంది. షెరీఫ్ 1953లో న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటి క్యాంపే పెట్టి విఫలమయ్యాడు. అక్కడ పిల్లల్ని ముందు కలిసి స్నేహం చేసుకోనిచ్చి తర్వాత విడదీశారు, వాళ్లు కొట్టుకోలేదు సరికదా పెద్దవాళ్లే ఏదో చేస్తున్నారని పసిగట్టారు. మీవాడిదీ ముందునుంచీ ఉన్న స్నేహమే. ఇంట్లో వాడి ముందు "వెనక వీధి వాళ్లు" అన్న మాట మానేసి ఆ పిల్లవాణ్ణి పేరుతోనే అడగండి, మీరే ఒకసారి వాళ్లమ్మకి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా హాస్టల్లో హీరోల ఫ్యాన్స్ కొట్టుకుంటున్నారు. ఎవరికీ రూపాయి లాభం లేదు కదా, మరి ఎందుకు? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: తమ్ముడూ, లాభం లేకపోయినా జరుగుతుందని హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లో చూపించాడు. పోలండ్ యూదుడాయన, యుద్ధంలో ఖైదీగా ఉండి తిరిగొచ్చేసరికి తనవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు. బ్రిస్టల్‌లో బడి పిల్లల్ని, తెర మీద చూపించిన చుక్కల్ని ఎక్కువ లెక్కపెట్టినవాళ్లు, తక్కువ లెక్కపెట్టినవాళ్లు అని ఊరికే విడదీసి, పక్కవాళ్లకి కొంచెం డబ్బు పంచమన్నాడు. ఎవరు ఏ గుంపో తప్ప పేరు కూడా తెలియదు, తమకంటూ ఇచ్చుకోవడానికి లేదు. అయినా చాలామంది తమ గుంపుకే ఎక్కువిచ్చారు. ఇంకా బాధ కలిగించేదేమిటంటే, మనవాళ్లకి కాస్త తక్కువ వచ్చినా సరే, అవతలివాళ్ల కంటే పైన ఉండాలనే వైపు మొగ్గారు. మీ హాస్టల్లో కలెక్షన్ల అంకెల మీద రాత్రంతా జరిగే వాదన కూడా ఇదే. నువ్వు ఆ వాదనలో దిగకు, రెండు బ్యాచుల్లోనూ ఆడేవాళ్లని కలిపి ఒకే క్రికెట్ టీమ్ కట్టి పక్క హాస్టల్‌తో మ్యాచ్ పెట్టాలనిపిస్తుంది, అది మాత్రం చేయకు, గొడవ పక్క హాస్టల్‌కి మారుతుంది. మెస్ బిల్లో, నీళ్ల ట్యాంకో, అందరికీ కలిపి ఉన్న ఇబ్బంది ఒకటి పట్టుకుని వార్డెన్ దగ్గరికి ఇద్దరు వీళ్లు, ఇద్దరు వాళ్లు కలిసి వెళ్లేలా చూడు.