ఫోన్ మోగింది, మాట రాలేదు: అమ్మాయి చదువు దారి తప్పిందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బత్తాయి తోట, కొంచెం వరి. పెద్దమ్మాయి నల్లగొండలో హాస్టల్‌లో ఉండి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. ఈ మధ్య ఇంటర్నెట్ ఫోన్లు, సిప్, వీఓఐపీ అంటూ వాటి మీదే పడింది. మొన్న సెలవులకు వచ్చి నా ఫోన్‌లో ఏదో యాప్ పెట్టి వెళ్లింది. హాస్టల్ నుంచి కాల్ చేస్తే ఫోన్ మోగింది. ఎత్తితే ఇటు మాట అటు పోలేదు, అటు మాట ఇటు రాలేదు. వారం పాటు రాత్రిళ్లు కూర్చుని బాగు చేశానంది. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిదేమో ఇప్పుడంతా డేటా సైన్స్, ఏఐ అంటాడు. అమీర్‌పేటలో ఆరు నెలల కోర్సు, లక్షన్నర ఫీజు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటే పదివేలు అడ్వాన్స్ కట్టాం. మిగతాది తోట మీద అప్పు తేవాలి. అమ్మాయి వద్దంటోంది. ఫోన్ల పని నేర్చుకుని రేపు కాల్ సెంటర్‌లో రాత్రి డ్యూటీలు చేస్తుందేమోనని నా భయం. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. (ఒక తండ్రి)

జవాబు: అన్నా, పోల్చి చెబుతాను. కానీ మీరు అడిగిన దాని వెనక ఇంకో ప్రశ్న ఉంది. అమ్మాయి వెనకబడిపోతుందేమో, తెచ్చిన అప్పు తీరదేమో, నలుగురిలో మాట పడాల్సి వస్తుందేమో. మిర్యాలగూడ నుంచి వచ్చినా, వనపర్తి నుంచి వచ్చినా తల్లిదండ్రులు నా ముందు కూర్చుని అడిగేది ఇదే. కోర్సు పేరొక్కటే మారుతుంది. ఒకప్పుడు శాప్, తర్వాత టెస్టింగ్ టూల్స్, ఆ తర్వాత డెవాప్స్, ఇప్పుడు ఏఐ.

ముందు కాల్ సెంటర్ భయం తీసేద్దాం. హెడ్‌సెట్ పెట్టుకుని కస్టమర్లతో మాట్లాడే పని వేరు. ఆ కాల్ వాళ్ల దాకా వచ్చేలా చేసే పని వేరు. మీ అమ్మాయి నేర్చుకుంటున్నది రెండోది. ఇంటర్నెట్ మీద మాట పంపే పద్ధతినే వీఓఐపీ అంటారు.

అదేమిటో మీ ఫోన్‌లోనే చూడండి. మోగిందన్నారు, మాట రాలేదన్నారు. మోగడం, మాట రావడం రెండూ వేర్వేరు పనులు. కాల్ కలపడానికి నడిచే సంభాషణను సిప్ చూసుకుంటుంది. అమ్మాయి ఫోన్ ముందు 'ఇన్వైట్' అనే సందేశం పంపుతుంది. ప్రయత్నిస్తున్నానని 100, మోగుతోందని 180, ఎత్తారని 200 అనే నంబర్లతో జవాబులు వస్తాయి. బిజీగా ఉంటే 486. పెట్టేసినప్పుడు 'బై' అని ఇంకో సందేశం. గొంతు వీటిలో ఉండదు. అది ఆర్టీపీ అనే మరో పద్ధతిలో, మామూలుగా సెకనుకు 50 చిన్న ప్యాకెట్లుగా వెళుతుంది. ఆ ప్యాకెట్లు ఏ అడ్రస్‌కు పంపాలో ఇన్వైట్‌లోనూ, 200 జవాబులోనూ రెండు ఫోన్లూ ఒకదానికొకటి రాసుకుంటాయి.

చిక్కు చాలాసార్లు అక్కడే వస్తుంది. వైఫైలో ఉన్న ఫోన్‌కు రౌటర్ మామూలుగా 192.168తో మొదలయ్యే అడ్రస్ ఇస్తుంది. అది ఆ ఇంట్లోనే చెల్లుతుంది. ఫోన్ మాత్రం కాల్స్ కలిపే బయటి సర్వర్‌కు కూడా అదే అడ్రస్ చెబుతుంది. సర్వర్ గొంతును అక్కడికే పంపుతుంది, అది ఎవరికీ చేరదు. సిప్ సందేశాలు సరిగ్గా తిరిగాయి కాబట్టి ఫోన్ మోగింది. ఫోన్ చెప్పిన అడ్రస్‌ను నమ్మకుండా, ప్యాకెట్లు నిజంగా ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసి అక్కడికే తిరిగి పంపమని సర్వర్‌కు చెబితే మాట వస్తుంది. దీనికి స్టన్, టర్న్ అని వేరే పద్ధతులూ ఉన్నాయి. మీ అమ్మాయి ఏది వాడిందో నేను చూడలేదు. కానీ ఎవరూ సిలబస్‌లో పెట్టకుండా, మార్కులు వేస్తామనకుండా, వారం రోజులు కూర్చుని మాట రప్పించిందంటే అది ఆట కాదన్నా. ఈ రంగంలో జీతమిచ్చి చేయించుకునే పని అచ్చంగా అదే.

ఇది పాతబడిపోయే చదువా అంటే, ఆ సందేహమూ పెట్టుకోవద్దు. ఇంటర్నెట్ మీద కాల్స్ కోసం 1996లో హెచ్.323 అనే ప్రమాణం వచ్చింది. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ హెనింగ్ షుల్జ్‌రిన్నే, మరికొందరు కలిసి తయారు చేసిన సిప్ 1999లో ప్రమాణంగా వచ్చింది. 2002లో దాన్ని సవరించి రాశారు, ఇప్పటికీ పునాది అదే. 4జీ ఫోన్లలో మాట నడిపే వోల్టీ కూడా సిప్ మీదే నిలబడింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినప్పుడు దానికి 2జీ, 3జీ లేవు, కాల్స్ అన్నీ వోల్టీయే. మీరు జియో సిమ్ నుంచి మీ బావమరిదికి ఫోన్ చేసి అమ్మాయి చదువు గురించి మాట్లాడినా, ఆ కాల్‌ను కలిపేది సిప్పే. వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. వాట్సాప్ కాల్ వాట్సాప్ దాకానే. బ్యాంకుకు, 108కి, ఆస్పత్రికి చేసే కాల్ ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌లోకి దాటాలి. ఆ దాటించే చోట్ల మనుషులు కావాలి.

ఇక ఆరు నెలల డేటా సైన్స్. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. డేటా సైన్స్ గొప్ప రంగమే. స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా బాగా పట్టుబడిన పిల్లలు అందులో బాగా రాణిస్తారు. నా అనుమానం ఆ రంగం మీద కాదు, ఆరు నెలల ప్యాకేజీ మీద. నా దగ్గరికి రెజ్యూమెలు తెచ్చే పిల్లల్ని చూస్తుంటాను. ఇళ్ల ధరల అంచనా, టైటానిక్ ఓడలో ఎవరు బతికారనే లెక్క: అవే ప్రాజెక్టులు, అవే బొమ్మలు, కొన్నిసార్లు అవే అక్షర దోషాలు కూడా. ఈ మోడల్ ఎందుకు వాడావమ్మా అంటే సార్ చెప్పారంటారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇలాంటివి రోజూ చూస్తారు. ఒకే ఏడాది అందరూ ఒకే పంట వేసి మార్కెట్‌కు తెస్తే ధర ఏమవుతుందో బత్తాయి రైతుకు నేను చెప్పనక్కర్లేదు.

'గ్యారంటీ' అన్న మాట దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కాగితం మీద చదివితే చాలాచోట్ల అది ఉద్యోగానికి గ్యారంటీ కాదు, ఇన్ని ఇంటర్వ్యూలకు పంపుతామన్న మాట. కొన్ని చోట్ల ఇంకో అడుగు ముందుకేసి, రెండేళ్లు పనిచేసినట్టు దొంగ అనుభవం సర్టిఫికెట్ ఇస్తామంటారు. కంపెనీలు వెరిఫికేషన్ చేస్తాయి. పీఎఫ్ లెక్కలు చూస్తే అబద్ధం బయటపడుతుంది, వచ్చిన ఉద్యోగమూ పోతుంది. తోట తాకట్టు పెట్టి ఆ మచ్చ కొనుక్కోవాలా?

అలాగని వీఓఐపీలో అంతా పూలబాటేమీ కాదు. డేటా సైన్స్‌తో పోలిస్తే ఇది చిన్న రంగం. ప్రకటనలూ తక్కువే కనిపిస్తాయి, అవి కూడా వీఓఐపీ సపోర్ట్, వోల్టీ టెస్టింగ్, ఐఎంఎస్ (వోల్టీ కాల్స్ నడిపే వ్యవస్థ), ఎస్‌బీసీ (నెట్‌వర్క్‌ల సరిహద్దులో కాల్స్‌ను కాచేది) ఇంజనీర్ అనే పేర్లతో ఉంటాయి. మొదటి ఉద్యోగం చాలామందికి సపోర్ట్‌లోనే దొరుకుతుంది. కస్టమర్లు విదేశాల్లో ఉంటే షిఫ్టులూ తప్పవు. మీరు భయపడిన రాత్రి డ్యూటీ ఇక్కడా రావచ్చు, డేటా సైన్స్ చదివినా రావచ్చు. క్యాబ్, భద్రత ఎలా ఉన్నాయో చేరే ముందు అడగండి. అంతేగానీ ఆ భయంతో చదువు ఆపకండి. ఏఐ మాటకొస్తే, ఇప్పుడు కస్టమర్లతో మాట్లాడే వాయిస్ బాట్లు వస్తున్నాయి కదా, వాటి దగ్గరికి మామూలు ఫోన్ కాల్‌ను తెచ్చిపెట్టడంలో కూడా సిప్, ఆర్టీపీ పనే ఎక్కువ. ఏఐ వస్తే ఆమె పని పోతుందని బెంగ పడకండి.

ఇప్పుడు ఒక మాట అంటాను, నొచ్చుకోవద్దు. మీ ఉత్తరంలో బావమరిది ఏమన్నాడో వివరంగా ఉంది. అమ్మాయి గురించి 'వద్దంటోంది' అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ లేదు. ఎందుకు వద్దంటోందో అడిగారా? అడ్వాన్స్ కట్టే ముందు చెప్పారా? ఆ అమ్మాయి తన కష్టాన్ని మొదట చూపించింది మీకు, మీ ఫోన్‌లో. వారం కష్టపడి మాట రప్పిస్తే మీరు కాల్ సెంటర్ గురించి భయపడ్డారు. ఇరవై ఏళ్ల పిల్ల, పైగా ఇంట్లో పెద్దది. ఆమె చదివేదాన్ని 'ఫోన్ల పని' అని మీరే తీసిపారేస్తే రేపు ఇంటర్వ్యూలో ధైర్యంగా ఎలా చెబుతుంది? తోట మీ పేరున ఉండొచ్చు, అప్పు భారం మోసేది మాత్రం ఆమె కూడా.

ఆమెకు చెప్పండి: లైనక్స్, పైథాన్, నెట్‌వర్కింగ్ పక్కన పెట్టొద్దు. అవి గట్టిగా ఉంటే ఫోన్లలో అవకాశం రాకపోయినా నెట్‌వర్క్, క్లౌడ్ ఉద్యోగాలకు తలుపు తెరిచే ఉంటుంది. కాల్స్ నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్లు ఆస్టరిస్క్, కమాయిలియో, నెట్‌వర్క్‌లో తిరిగే సందేశాలను పట్టి చూపే వైర్‌షార్క్ మూడూ ఉచితమే. తను బాగు చేసిన ఆ సమస్యను వైర్‌షార్క్‌లో పట్టిన సందేశాలతో సహా రెండు పేజీల్లో రాసిపెట్టుకుంటే, కొనుక్కున్న ఏ ప్రాజెక్టూ దానికి సాటిరాదు. సర్వర్‌కు పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకోవాలి. సిప్ వాడే 5060 పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే ద్వారం లాంటిది) తెరిచి ఉందా అని వెతుకుతూ, దొరికితే విదేశీ కాల్స్ చేసి బిల్లు మన నెత్తిన వేసే దొంగలు ఇంటర్నెట్ నిండా ఉన్నారు.

ఒక్క విషయంలో మాత్రం మీరిద్దరూ కఠినంగా ఉండాలి. 'ఈ డబ్బా గదిలో పెట్టుకో, సిమ్ కార్డులు మేమే పంపుతాం, నెలనెలా డబ్బిస్తాం' అని ఎవరైనా అంటే వెంటనే తెంచేసుకోవాలి. అది సిమ్ బాక్స్. విదేశాల నుంచి ఇంటర్నెట్ మీద వచ్చే కాల్స్‌ను లైసెన్స్ లేకుండా ఇక్కడి నంబర్లలోకి మార్చడం నేరం. ఇలాంటి అక్రమ ఎక్స్ఛేంజీల మీద పోలీసులు కేసులు పెడుతున్నారు. తెలియక చేశామంటే ఊరుకోరు.

ఇక ఆ పదివేలు. క్లాసులు మొదలు కాకముందే, చేరడం లేదని, డబ్బు తిరిగి ఇవ్వాలని ఈ వారంలోనే రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. రసీదు, ఫీజు షరతుల కాగితం ఫొటో తీసి పెట్టుకోండి. కుదరదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. మిగతా డబ్బు కోసం అప్పు కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.